జిగురు వాసన రాని రోజులు

"కూర్చోండి. నించుని అబద్ధాలు చెప్తే కాళ్ళు లాగుతాయి," అంది భార్య.

బైండరు గుమ్మంలోనే ఆగిపోయాడు. చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా, భుజాన సంచీ. రోజూ సాయంత్రం ఆరింటికి ప్రెస్సు నుంచి వచ్చినట్టే ఈ గురువారమూ వచ్చాడు. ఎప్పటిలాగే చెప్పులు గోడవారగా విడిచాడు. ఇంట్లో మాత్రం కుట్టుమిషను చప్పుడు లేదు. ఎవరిదో ప్యాంటు, జిప్పు సగం ఊడదీసింది, మిషను మీద అలాగే వేలాడుతోంది. చేతిలో పని సగంలో వదిలే మనిషి కాదు ఆవిడ.

"అబద్ధాలేమిటి?" అన్నాడు.

"బ్యాంకుకి వెళ్ళొచ్చాను."

ఆ రెండు మాటలకే ఖాళీ డబ్బా చేతిలో బరువెక్కింది.

"సోమవారం గువ్వ కాలేజీ ఫీజుకి ఆఖరు రోజు కదా. డిపాజిట్ తీయాలంటే ఒకరోజు ముందు చెప్పాలేమో, కనుక్కుందామని వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత నా మొహం చూసింది. 'ఇది మూసేసి ఏడు నెలలైందండీ' అంది. నేను నవ్వాను. 'నంబరు తప్పు కొట్టుంటావమ్మా, ఇంకోసారి చూడు' అన్నాను. పాపం, ఆ పిల్ల ఇంకోసారి కూడా చూసింది."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది బైండరుకి.

తొమ్మిదేళ్ళ డిపాజిట్ అది. కూతురు పై చదువుకని మొదలుపెట్టింది. జీతం రాగానే ముందు దానికి తీసి, మిగిలిందే ఇంటికి తెచ్చేవాడు. ఇద్దరి పేరా ఉంది, ఎవరి సంతకమైనా చెల్లుతుంది. ఆ వెసులుబాటే ఇవాళ ఇక్కడికి తెచ్చింది.

"ఎవరు మూసేశారూ? దేన్ని మూసేశారూ?" అంటూ లోపలి గదిలోంచి అతని తల్లి వచ్చింది.

"ఏం లేదత్తయ్యా. మీరు కాసేపు పడుకోండి."

"ఇంకా పొద్దుండగానే పడుకోడమేమిటమ్మాయ్? నిద్ర పట్టి చావాలా?" అని ముసలావిడ కుర్చీ లాక్కుని సరిగ్గా ఇద్దరికీ మధ్యలో వేసుకుని కూర్చుంది. ఇక అక్కణ్ణుంచి ఎవరు ఎవర్ని చూడాలన్నా ఆవిడ తల మీదుగా చూడాల్సిందే.

"ఏం చేశారండీ ఆ డబ్బు?" అంది భార్య. "మీరు తాగరు. నాకు తెలుసు. పేకాట..."

"వాడికి పేకాటా?" అంది తల్లి. "నా చేతిలోనే ఓడిపోతాడు."

బైండరుకి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

"సరే, ఇంకో మాట అడుగుతాను. తేలికది. ఇవాళ ఎక్కడికెళ్ళారు?"

"ప్రెస్సుకి."

ఆవిడ లేచి వచ్చింది. అతని చొక్కా చెయ్యి పట్టుకుని, ముక్కు దగ్గరికి లాక్కుని వాసన చూసింది.

"జిగురు వాసన ఏదీ?"

అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"పందొమ్మిదేళ్ళుగా ఉతుకుతున్నాను ఈ చొక్కాల్ని. మోచేతి దగ్గర కాగితం పొట్టు దులపకుండా, ఆ జిగురు మరకలు గోకకుండా ఒక్క చొక్కా బకెట్లో వెయ్యలేదు. ఏడు నెలలుగా మంగళవారం చొక్కా, గురువారం చొక్కా ఇస్త్రీ చేసినవి చేసినట్టే వస్తున్నాయి. చెమట వాసన తప్ప ఇంకేం లేదు."

"నీకు... తెలుసా?"

"మొదటి నెల్లోనే తెలుసు."

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారని. ఇవాళ చెప్తారు, రేపు చెప్తారు, పోనీ జీతం రోజున చెప్పక తప్పుతుందా అని చూశాను. జీతం రోజున మీరేం చేశారు? ఎప్పటిలాగే ఇరవై మూడు వేలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు. టీ కూడా అడిగి మరీ తాగారు."

బైండరు నేల మీద చతికిలబడ్డాడు. ఉన్న ఒక్క కుర్చీలో తల్లి ఉంది మరి.

చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు. పెళ్ళి పత్రికలు జనం ఫోన్లలో పంపుకుంటున్నారు. దుకాణాలవాళ్ళు లెక్కల పుస్తకాలు కొనడం మానేశారు. బైండింగ్ పనివాళ్ళు ఇక వారానికి నాలుగు రోజులే రావాలని ప్రెస్సు యజమాని ఏడు నెలల కిందట చెప్పాడు. జీతం పదహారు వేలకి దిగింది.

"ఒక్క నెలేగా, మళ్ళీ నెలకి సర్దుకుంటుందనుకున్నాను. డిపాజిట్ తీసి ఏడు వేలు కలిపి నీకిచ్చాను. మళ్ళీ నెలా సర్దుకోలేదు. మళ్ళీ ఏడు. ఆ తర్వాత..." అతను చేతులు చూసుకున్నాడు. "ఆ తర్వాత చెప్పడానికి మొహం లేకపోయింది."

భార్య అతని ముందు గొంతుక్కూర్చుంది.

"అదంతా సరే. అప్పెంత?"

"ఏ అప్పు?"

"దాచకండి. ఎవరి దగ్గర చేశారు? వడ్డీ ఎంత?"

"అప్పా? నేనెవరి దగ్గరా అప్పు చెయ్యలేదే!"

"నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు. ఒక్క పైసా లేదు. ఉన్నదాంట్లోంచే తీశాను. అది కూడా ఇంకా యాభై నాలుగు వేలు మిగిలే ఉంది, నా ఖాతాలో."

ఆవిడ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఉన్నచోటే వెనక్కి జారి గోడకి ఆనుకుంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని బైండరు ముందుకి వంగాడు. ఆవిడ నవ్వుతోంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతూనే ఉంది.

"అప్పు లేదటత్తయ్యా!"

"విన్నాను. అందులో నవ్వడానికేముందో తెలీలేదు."

"ఏడు నెలలత్తయ్యా! వారానికి రెండు రోజులు పని లేని మనిషి పూర్తి జీతం ఎక్కణ్ణుంచి తెస్తాడు? వడ్డీకే తెస్తున్నారనుకున్నాను. గుమ్మంలో ఎవరు నిలబడ్డా అప్పులవాడేనని గుండె జారిపోయేది. ఓ రోజు గ్యాసు మనిషి వస్తే స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకున్నాను."

"ఆ రోజు కడుపునొప్పన్నావు. వాము నమిలించాను నీచేత."

"నమిలానుగా!" అంటూ మళ్ళీ నవ్వింది.

బైండరుకి నవ్వు రాలేదు గానీ, ఛాతీ మీద ఎవరో కూర్చుని ఉన్నవాళ్ళు లేచి వెళ్ళిపోయినట్టయింది. ఏడు నెలల తర్వాత ఊపిరి అడుగుదాకా వెళ్ళింది. తిడుతుందనుకున్నాడు, పుట్టింటికి పోతానంటుందనుకున్నాడు. ఈ నవ్వొకటి ఉందని అతని ఊహకే అందలేదు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళి, బీరువా తలుపు చప్పుడు చేసి వచ్చింది. చేతిలో పోస్టాఫీసు పుస్తకం. అతని ఒళ్ళో పడేసింది.

తెరిచి చూశాడు. ఆఖరి వరసలో ముప్ఫై ఒక్క వేలు.

"ఎవరిది?"

"అప్పులవాడిది. వాడు వచ్చిన రోజున మొహాన కొడదామని."

"ఎక్కడిదీ?"

"మీరిచ్చిందే. నెలకి నాలుగు వేలకి తగ్గకుండా మిగిల్చాను. మార్కెట్టుకి నడిచే వెళ్ళాను, వచ్చేటప్పుడూ నడిచే వచ్చాను. కూరల కొట్లు మూసేసే వేళకి వెళ్తే సగం ధరకిస్తారు. నూనె, సబ్బు మార్చాను. మీ చొక్కా కాలర్లు తిప్పి కుట్టాను, మీరు చూసుకోలేదు. టీలో చక్కెర తగ్గించాను, పాలు తగ్గించాను..."

"ఆగాగు!" ముసలావిడ కుర్చీలో నిటారుగా అయింది. "టీలో చక్కెర నువ్వు తగ్గించావా?"

భార్య నాలిక కరుచుకుంది.

"నా నాలుకే చచ్చిపోయిందనుకున్నాను కదే అమ్మాయ్! డాక్టరు దగ్గరికెళ్ళి, టీ తియ్యగా అనిపించట్లేదు బాబూ, ఇక నాకు రోజులు దగ్గర పడ్డట్టున్నాయి అని చెప్పుకున్నాను. ఆయన నోరు తెరవమని లైటు వేసి చూసి, నెలకి ఆరొందల టానిక్కు రాసిచ్చాడు!"

"అయ్యో అత్తయ్యా, ఆ టానిక్కు దీనికనా? నడుంనొప్పికనుకున్నాను!"

"నడుంనొప్పికి నాలుక ఎందుకు చూస్తాడే?"

బైండరు మాత్రం ఇంకా పుస్తకం వైపే చూస్తున్నాడు. "అంటే నేను బ్యాంకులోంచి తీసి నీకిస్తే, నువ్వు పట్టుకెళ్ళి పోస్టాఫీసులో వేశావు."

"ఆఁ."

"ఏడు నెలలూ."

"ఆఁ."

"మధ్యలో నా చక్కెర పోయింది," అంది తల్లి.

ఈసారి బైండరు కూడా నవ్వాడు. యాభై నాలుగూ, ముప్ఫై ఒకటీ, ఎనభై అయిదు. ఫీజు ఎనభై. ఎలా కూడినా సరిపోతోంది. సోమవారం పిల్ల పేరు కాలేజీలో ఉంటుంది. ఆ మాట పైకి అనబోయాడు.

ఆవిడ నవ్వడం మానేసింది అప్పటికే.

"నాకు కోపం రావాల్సింది," అంది మెల్లిగా. "అప్పు లేదన్న సంతోషంలో మర్చిపోయాను. ఎందుకు చెప్పలేదండీ నాకు?"

"చెప్తే గువ్వని ఈ ఏడు ఆపుదామంటావేమోనని."

"నేనా?"

అతను తల దించుకున్నాడు. అది సాకు. అది సాకని అతనికి తెలుసు, ఆవిడకీ తెలుసు.

"కాదు," అన్నాడు చివరికి. "నీ మొహంలో భయం చూడలేక."

"భయం ఏడు నెలలూ ఉందండీ నా మొహంలో. చూశారా?"

ఏ పూటా అతను ఆ మొహంలోకి సరిగ్గా చూసింది లేదు. ఎక్కడ కనిపెట్టేస్తుందో అని చూపు తప్పించుకుని తిరిగాడు. కనిపెట్టిన మనిషి ఎదురుగా కూర్చుని వడ్డిస్తుంటే, కంచంలోకి చూసి తిని లేచిపోయాడు.

తల్లి కుర్చీ కాస్త పక్కకి జరుపుకుంది. ఇద్దరి మధ్యా దారి ఏర్పడింది.

"తప్పయింది," అన్నాడు బైండరు.

"నాది కూడా," అంది ఆవిడ. "అడిగేయాల్సింది. పౌరుషానికి పోయి చొక్కాలు వాసన చూస్తూ కూర్చున్నాను." చెంగుతో మొహం తుడుచుకుంది. "ఇంతకీ ఆ రెండు రోజులూ ఎక్కడ తిరిగేవారు? ఎండలో బెంచీల మీదా?"

"మొదటి వారం అంతే. రెండోవారం వాన పడితే గ్రంథాలయంలోకి వెళ్ళాను. ఊరికే పేపరు చదువుకుంటున్నాను. పక్క బల్ల మీద ఓ పుస్తకం, అట్ట ఊడి, కుట్టు తెగి, పేజీలు బయటికొచ్చేసి ఉంది. చూస్తూ ఊరుకోలేకపోయాను. సూదీ దారం సంచీలో ఎప్పుడూ ఉంటాయిగా."

"ఊరికే కుట్టిచ్చారా?"

"మొదటివి ఊరికే. ఆ లైబ్రేరియనమ్మ చూసి, మళ్ళీ వారం ఇంకో పది ముందు పెట్టింది. మరమ్మతుల పద్దులోంచి పుస్తకానికింతని ఇస్తోంది. నెలకి పద్నాలుగొందలు వస్తాయి. బస్సుకీ, మధ్యాహ్నం టీకీ పోతున్నాయి. అట్ట కట్టడం, అంచులు కోయడం కూడా చేస్తే పెద్ద పనే ఇస్తానంటుంది. దానికి మిషను కావాలి. అక్కడ నా చేతిలో ఉన్నది సూది ఒక్కటే, అందుకే జిగురు వాసన..."

"నాన్నా."

గది గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. గువ్వ అంటారు ఇంట్లో, చిన్నప్పుడు చప్పుడు లేకుండా నడిచేదని. పదిహేడేళ్ళొచ్చినా ఆ నడక మారలేదు. ఎప్పటినుంచి వింటోందో ఎవరికీ తెలీదు. చేతిలో కాలేజీ ఫారం.

చదువు మానేస్తానంటుందేమోనని బైండరు భయం. "నువ్వేం మాట్లాడకు, నువ్వు చేరుతున్నావంతే," అన్నాడు.

"చేరతాను. చేరనని ఎవరన్నారు?" అంది గువ్వ. "ఫీజు రెండు వాయిదాల్లో కట్టుకోవచ్చని చెప్దామని. సోమవారం నలభై చాలు, మిగతా నలభై ఆర్నెల్ల తర్వాత. ఫారం రెండో పేజీలో రాసుంది."

"మరి చెప్పలేదేమే?" అంది భార్య.

"ఎవరైనా అడిగితేగా! ఈ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు."

నాయనమ్మ ఫక్కున నవ్వింది. "దీనికున్న నోరు మీ ఇద్దరిలో ఒక్కరికైనా ఉంటే నా టీ తియ్యగా ఉండేది."

తర్వాత అరగంట ఆ ఇంట్లో చాలా కాలంగా జరగనిది జరిగింది. నలుగురూ నేల మీద ఒక కాగితం చుట్టూ చేరారు. ముసలావిడకి నడుంనొప్పి కాబట్టి ఆవిడొక్కత్తీ కుర్చీలోంచే వంగింది. గువ్వ రాసింది. నాన్న జీతం పదహారు వేలు. అమ్మ కుట్టుపని ఓ అయిదు వేలు. అద్దె, సరుకులు, పాలు, కరెంటు, మందులు. ఎంత కుదించినా రెండువేల ఆరొందలు లోటు తేలుతోంది.

"టానిక్కు మానేస్తాను," అంది నాయనమ్మ. "నా నాలుక నిక్షేపంగా ఉంది."

ఆరొందలు తగ్గింది.

"కింద ఇంట్లో ఇద్దరు పిల్లలకి లెక్కలు చెప్పమంటున్నారు. వెయ్యి ఇస్తారట," అంది గువ్వ.

"గ్రంథాలయానికి నడిచే వెళ్తాను. టీ ఇంట్లో తాగి వెళ్తాను. ఆ పద్నాలుగొందలూ రాసుకో," అన్నాడు బైండరు.

గువ్వ కూడి, తీసేసి, మళ్ళీ కూడింది. "నాలుగొందలు మిగిలిందమ్మా!"

"సరిగ్గా చూడవే."

"నాలుగొందలే."

భార్య ఆ కాగితం తీసుకుని వెలుతురుకి పెట్టి చూసింది. అదే పదహారు వేలు. ఏడు నెలలు ఇంట్లో ఎవరికీ కంటి నిండా నిద్ర లేకుండా చేసిన అంకె. కాగితం మీద చూస్తే చిన్నగానే ఉంది.

"ఆ నాలుగొందల్లోంచి చక్కెర కొను," అంది అత్తగారు.

బైండరుకి అప్పుడు ఆకలేసింది. మామూలు ఆకలి కాదు, చిన్నప్పుడు ఆడుకుని ఇంటికొచ్చాక వేసేలాంటి ఆకలి. భార్య లేచి స్టవ్ వెలిగించింది. వెనకాలే వెళ్ళి నిలబడ్డాడు. ఉల్లిపాయ తీసి ఒలవడం మొదలుపెట్టాడు.

"అంత మందంగా ఒలిస్తే లోపలేం మిగులుతుంది?" అంది ఆవిడ.

ఆ గొంతులో ఎప్పటి చిరాకే ఉంది. చెవులకి హాయిగా అనిపించింది.

"ఏమోయ్ బైండరూ!"

కింద వీధిలోంచి పిలుపు. కిటికీలోంచి చూస్తే ప్రెస్సు ఫోర్‌మన్. స్కూటరు స్టాండు వేసి, హెల్మెట్ చంకలో పెట్టుకుని పైకి చూస్తున్నాడు. ఇరవై ఏళ్ళలో ఈ ఇంటికి రెండుసార్లు వచ్చి ఉంటాడేమో.

"ఒక్కసారి కిందికి రా. మాట్లాడాలి."

"ఏమిటి విషయం?"

"ఇంట్లోవాళ్ళ ముందు ఎందుకులే. నువ్వు రా."

బైండరు ఒక కాలు చెప్పులో పెట్టాడు. పెట్టి ఆగాడు. వెనక వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

కాలు వెనక్కి తీసుకున్నాడు.

"మీరే పైకి రండి," అని కేకేశాడు. "ఏదున్నా మా ఆవిడ ముందే చెప్పండి."

ఫోర్‌మన్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. ముసలావిడ లేచి కుర్చీ ఇచ్చింది. కూర్చోవాలా వద్దా అన్నట్టు అందరి వైపూ చూసి, అంచు మీద కూర్చున్నాడు. భార్య మంచినీళ్ళు ఇచ్చింది.

"నెలాఖరు నుంచి బైండింగ్ పని మూసేస్తున్నాడోయ్ యజమాని," అన్నాడు గ్లాసు కింద పెట్టి. "ఇవాళ మధ్యాహ్నం తేల్చేశాడు. నువ్వు లేవుగా, అందుకని వచ్చాను."

గువ్వ లెక్కల కాగితం తీసి మడిచింది.

బైండరుకి ఇప్పుడు ఈ మాట పట్టుకుని ఎక్కడ దాచాలా అని వెతుక్కునే పని లేదు. విన్నవాళ్ళు నలుగురున్నారు.

"ఊరికే పొమ్మనట్లేదులే. మూడు నెలల జీతం చేతిలో పెడతానంటున్నాడు. లేదంటే..." ఫోర్‌మన్ మెడ వెనక రుద్దుకున్నాడు. "లేదంటే ఆ డబ్బుకి బదులు కటింగ్ మిషను పట్టుకుపొమ్మంటున్నాడు. ఇన్నేళ్ళూ నువ్వు నడిపిందే. పాత ఇనుము కొట్టువాడు అడుగుతున్నాడు దాన్ని. ఆదివారం సాయంత్రం లోపల నువ్వేదో ఒకటి చెప్పాలి."

మూడు నెలల జీతం. నలభై ఎనిమిది వేలు, కళ్ళకి కనిపించే డబ్బు. అది ఉంటే ఫీజు డబ్బు ముట్టుకోకుండా మూడు నెలలు ఇల్లు గడుస్తుంది. మిషను పుచ్చుకుంటే చేతికి ఒక్క కాగితమూ రాదు. పని వస్తుందో రాదో, గ్రంథాలయం ఆవిడ మాటకి ఎంత విలువో ఎవరికి తెలుసు?

'ఆలోచించి చెప్తాను' అన్న మాట అలవాటు కొద్దీ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి భార్య వైపు తిరిగాడు.

ఆవిడ వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఫోర్‌మన్ వైపు చూస్తోంది. ఈసారి బైండరు ఆ మొహంలోకి తిన్నగా చూశాడు. భయం ఉంది. దాని వెనక ఇంకేదో కూడా ఉంది, దానికి అతను పేరు పెట్టలేకపోయాడు.

"అన్నయ్యగారూ," అంది ఆవిడ. "ఆ మిషను వెడల్పెంత?"

"వెడల్పా?" ఫోర్‌మన్ తడబడ్డాడు. "ఎప్పుడూ కొలవలేదమ్మా. ఎందుకూ?"

"మా గుమ్మంలోంచి పడుతుందా అని."

అయిదుగురూ ఒకేసారి గుమ్మం వైపు తిరిగి చూశారు.